బిజినెస్ ల్యాప్‌టాపా, మామూలుదా: మన ఊళ్ళో ఉండి కొనేముందు ఎలా తేల్చుకోవాలి

పలాసలో ఉండే మా అప్ప మొన్న ఫోన్ చేసి ఒకేసారి రెండు ల్యాప్‌టాప్‌లు కావాలంది. ఒకటి బావకి, జీడిపప్పు వ్యాపారం లెక్కలకి, ఇంకోటి మా మేనల్లుడికి, వాడు ఈ ఏడు బీటెక్‌లో చేరాడు, కంప్యూటర్ సైన్స్. "ఇద్దరికీ ఒకటే మోడల్ చూసెయ్ తమ్ముడూ, రెండు కొంటే కాస్త తగ్గిస్తాడు" అంది. నేను వద్దన్నాను. బావకి బిజినెస్ మోడల్ కొనమన్నాను, మేనల్లుడికి మాత్రం ఏ పని చేస్తాడో అడిగి చెప్తానన్నాను. అప్పకి కోపం వచ్చింది, "ల్యాప్‌టాప్ ల్యాప్‌టాపే కదా, ఇందులో బిజినెస్ ఏటి, మామూలు ఏటి" అని. ఫోన్‌లో అరగంట చెప్పాను, మళ్ళీ మా కొలీగ్ ఒకాయన ఇదే అడిగాడు, అందుకే మొత్తం ఒకచోట రాసేస్తున్నా.

ముందు అసలు తేడా ఏటో చెప్తా. కంపెనీలన్నీ రెండు రకాలుగా తయారు చేస్తాయి. షోరూమ్‌లో ఎదురుగా పెట్టి అమ్మేవి, ఆన్‌లైన్ సేల్‌లో కనపడేవి ఎక్కువ భాగం ఇంటి వాడకానికి చేసినవి: లెనోవో ఐడియాప్యాడ్, హెచ్‌పీ పెవిలియన్, డెల్ ఇన్‌స్పిరాన్, అసూస్ వివోబుక్, ఏసర్ ఆస్పైర్. రెండో రకం పెద్ద ఆఫీసులు వందల లెక్కన ఆర్డర్ ఇచ్చుకునేవి: లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్, ప్రోబుక్, అసూస్ ఎక్స్‌పర్ట్‌బుక్, ఏసర్ ట్రావెల్‌మేట్. పేర్లు ఈమధ్య మారుతున్నాయి, కాస్త జాగ్రత్త. 2025 నుంచి డెల్ వాళ్ళు లాటిట్యూడ్‌ని డెల్ ప్రో అంటున్నారు, ఇన్‌స్పిరాన్ బదులు ఉత్త డెల్ అని పెట్టారు. హెచ్‌పీ కూడా 2024లో ఇంటి వాడకం మోడల్స్‌కి ఆమ్నీబుక్ అనే పేరు తెచ్చింది. కాబట్టి షాపులో "ప్రో" అన్నాడని ఊరికే నమ్మకండి, పూర్తి మోడల్ నంబర్ రాసుకుని కంపెనీ సైట్‌లో అది ఏ విభాగంలో ఉందో చూడండి, బిజినెస్ కిందో హోమ్ కిందో స్పష్టంగా ఉంటుంది.

బిజినెస్ లోపల కూడా మెట్లు ఉన్నాయి. థింక్‌ప్యాడ్ అంటే అన్నీ ఒకటి కావు, టీ సిరీస్, ఎక్స్ సిరీస్ పైన ఉంటాయి, ఎల్ మధ్యలో, ఇంగ్లీషు ఈ (E) అక్షరం సిరీస్ కింద. థింక్‌బుక్ ఇంకోటి, పేరులో థింక్ ఉంది గానీ అది చిన్న ఆఫీసుల కోసం చేసింది, థింక్‌ప్యాడ్ కట్టుబడి దానికి ఉండదు. డెల్ లాటిట్యూడ్‌లో 3000 వరస కింద, 5000 మధ్య, 7000 పైన. హెచ్‌పీ 240, 250 అని అంకెలతో వచ్చేవి కూడా బిజినెస్ అని అమ్ముతారు, వాటి బాడీ పట్టుకుని చూస్తే మామూలు ల్యాప్‌టాప్‌లానే ఉంటుంది, వాటికోసం ఎక్కువ పెట్టకండి.

ఇప్పుడు స్పెసిఫికేషన్ కాగితం చూస్తే మనోళ్ళు అందరూ ఇక్కడే తికమక పడతారు. అదే డబ్బుకి మామూలు మోడల్‌లో ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, పెద్ద స్క్రీన్ వస్తుంది, బిజినెస్ మోడల్‌లో ఐ5, 8 జీబీ, 14 అంగుళాలు. కాగితం మీద మామూలుదే గెలుస్తుంది. ఆ మిగతా డబ్బు ఎక్కడికి పోయిందో కాగితం మీద కనపడదు, అది పాడైన రోజు కనపడుతుంది.

నా సంగతే చెప్తా. నేను విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర చిన్న గదిలో కూర్చుని షాపులకి ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్), జీఎస్టీ రిటర్న్‌లు చేస్తాను. 2019లో ఒక ఇంటి వాడకం మోడల్ కొన్నాను, చూడ్డానికి చాలా బావుండేది, రెండేళ్ళు ఏ గొడవా లేదు. ఒక నెల 18వ తారీకు రాత్రి మూత తెరుస్తుంటే కుడిపక్క హింజ్ (మూత మడిచే బందు) దగ్గర టప్‌మని శబ్దం వచ్చింది, ప్లాస్టిక్ చీలి, స్క్రీన్ వైరు నలిగి డిస్‌ప్లే పోయింది. నెలనెలా వేసేవాళ్ళకి జీఎస్టీ 3బీ రిటర్న్ గడువు 20వ తారీకు. లేటయితే ఒక్కో రిటర్న్‌కి రోజుకి 50 రూపాయలు, లావాదేవీలు లేని నిల్ రిటర్న్ అయితే 20, పైగా కట్టాల్సిన పన్ను మీద వడ్డీ. నా దగ్గర అప్పుడు ఇరవై పైన షాపులు. వారంటీ ఏడాదే, అది ఎప్పుడో అయిపోయింది. 19న పొద్దున్నే కాంప్లెక్స్‌లో బస్సెక్కి వైజాగ్ సర్వీస్ సెంటర్‌కి పోతే పార్ట్ రావాలన్నారు, పన్నెండు రోజులు పట్టింది, ఈలోపు ఒక స్నేహితుడి షాపులో డెస్క్‌టాప్ మీద రాత్రి పది నుంచి తెల్లారే వరకు కూర్చుని ఫైల్ చేశాను. ఆ రెండు రాత్రుల తర్వాత ల్యాప్‌టాప్ కొనేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న మారిపోయింది, ఎంత స్పీడు అని కాదు, ఆగిపోతే నా పని ఎన్ని రోజులు ఆగుతుంది అని.

మీరూ ఇదే ప్రశ్నతో మొదలెట్టండి. ల్యాప్‌టాప్ వారం లేకపోతే మీకు డబ్బు పోతుందా, లేక సినిమా చూడ్డం ఆగుతుందా? డబ్బు పోతుంది అంటే బిజినెస్ మోడల్ వైపు వెళ్ళండి, మన జిల్లాల్లో ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ చెప్తాను ఈ మాట. వైజాగ్‌లో ఉన్నవాడు ఆటో ఎక్కి సర్వీస్ సెంటర్‌కి పోతాడు, విజయనగరం నుంచి అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వంద పైనే, పలాస, ఇచ్ఛాపురం వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఇవ్వడానికి ఒకరోజు, తేవడానికి ఒకరోజు, షాపు మూసుకుని పోవాలి.

అందుకే వారంటీ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. బిజినెస్ మోడల్స్‌కి చాలావాటికి ఆన్‌సైట్ వారంటీ ఉంటుంది, లేదా డబ్బు కట్టి తీసుకోవచ్చు, మూడేళ్ళు, కొన్నిటికి ఐదేళ్ళ దాకా. అంటే ఫోన్ చేస్తే ముందు వాళ్ళు ఫోన్‌లోనే నాలుగు టెస్టులు చేయిస్తారు, తప్పు తేలాక ఇంజనీరు పార్ట్ పట్టుకుని మీ దగ్గరికే వస్తాడు. కాగితంలో నెక్స్ట్ బిజినెస్ డే అని రాసి ఉంటుంది, దాన్ని మర్నాడే వచ్చేస్తాడు అని పట్టుకోకండి, తప్పు ఏటో తేలి, పార్ట్ అందిన తర్వాత లెక్క అది. నాకు రెండుసార్లు పని పడింది, ఒకసారి మర్నాడే వచ్చారు, ఇంకోసారి మూడో రోజు వచ్చారు, అయినా నేను ఊరు దాటలేదు, షాపు మూయలేదు. కొనేముందు డీలర్‌ని ఒక్కటే సూటిగా అడగండి: మా పిన్ కోడ్‌కి ఆన్‌సైట్ ఉందా, రాసిస్తారా? నోటితో "ఉంది సార్" అంటే చాలదు, కొటేషన్‌లో వారంటీ పేరు, ఎన్నేళ్ళు, ఆన్‌సైటా లేక మనమే తీసుకెళ్ళే క్యారీ-ఇన్నా, అన్నీ రాయించుకోవాలి. మామూలు మోడల్స్‌కి కూడా ఈమధ్య ఆన్‌సైట్ అమ్ముతున్నారు, మేనల్లుడి విషయంలో అది పనికొచ్చింది, తర్వాత చెప్తా.

రెండు విషయాలు జనం మర్చిపోతారు. ఒకటి, ల్యాప్‌టాప్‌కి మూడేళ్ళ వారంటీ ఉన్నా చాలావాటిల్లో బ్యాటరీకి ఏడాదే ఉంటుంది, దానికి వేరే డబ్బు కట్టాలి. రెండోది, చేతిలోంచి జారి పడినా, టీ ఒలికినా మామూలు వారంటీ వర్తించదు, బిజినెస్ అయినా సరే. యాక్సిడెంటల్ డ్యామేజ్ అని విడిగా కొనుక్కోవాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే అది తీసుకోమనే చెప్తాను.

ఇక బాడీ సంగతి. హింజ్ ఎందుకు విరుగుతుందో నా ల్యాప్‌టాప్ విప్పినప్పుడు మా ఊరి రిపేర్ కుర్రాడు చూపించాడు. చవక మోడల్స్‌లో హింజ్ స్క్రూలు ప్లాస్టిక్ గుంజల్లో అమర్చిన చిన్న ఇత్తడి గొట్టాల్లోకి దిగుతాయి, హింజ్ బిగుసుకుపోతే మూత తీసిన ప్రతిసారీ ఆ బరువంతా ప్లాస్టిక్ మీద పడి ఒకరోజు గొట్టం ఊడి వచ్చేస్తుంది. మంచి బిజినెస్ మోడల్‌లో స్క్రూలు లోపలి లోహపు ఫ్రేమ్‌కి పట్టుకుంటాయి. షాపులో మీరే చూడొచ్చు: ల్యాప్‌టాప్‌ని ముందు మూల ఒకచేత్తో పట్టుకుని ఎత్తండి, బాడీ వంగి కిర్రుమంటుందా అని చూడండి, మూతని మధ్యలో కాకుండా ఒక మూల పట్టుకుని తెరవండి, రెండోపక్క ఆలస్యంగా లేస్తుంటే మూత బలహీనం. కీబోర్డ్ మధ్యలో వేలితో నొక్కితే లోపలికి దిగకూడదు. మిల్-ఎస్‌టీడీ-810హెచ్ టెస్ట్ పాసయింది అని స్టిక్కర్ ఉంటుంది, అది అమెరికా మిలిటరీ టెస్ట్ పద్ధతుల పేరు, కంపెనీలు వాటిలోంచి కొన్ని ఎంచుకుని చేయించుకుంటాయి, స్టిక్కర్ ఉంటే మంచిదే గానీ దానికన్నా మీ చేతికి తగిలేది నమ్మండి.

కీబోర్డ్ విషయం ట్యాలీ కొట్టేవాళ్ళు బాగా ఆలోచించాలి. రోజుకి ఐదారు గంటలు ఎంట్రీలు కొడితే కీ లోతు తెలుస్తుంది. చాలా బిజినెస్ కీబోర్డ్‌ల కింద నీళ్ళు పడితే కొంత వరకు ఆపే ఏర్పాటు ఉంటుంది, కొన్నిట్లో నీళ్ళు కిందకి జారిపోడానికి దారి ఉంటుంది. ఇంకో పెద్ద తేడా, థింక్‌ప్యాడ్ టీ సిరీస్ లాంటివాటిల్లో కీబోర్డ్ ఒక్కటే విప్పి మార్చొచ్చు, చాలా మామూలు మోడల్స్‌లో కీబోర్డ్‌ని పైప్యానెల్‌కి ప్లాస్టిక్ కరిగించి అతికించేస్తారు, ఒక్క కీ పోయినా ప్యానెల్ మొత్తం మార్చాలంటారు. ఒక లోటు కూడా చెప్పాలి, 14 అంగుళాల బిజినెస్ మోడల్స్‌కి పక్కన నంబర్ ప్యాడ్ ఉండదు, అంకెలు కొట్టే పని ఎక్కువైతే 15 లేదా 16 అంగుళాలది అడగండి, లేకపోతే యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ ఒకటి కొనుక్కోండి, నేను అదే చేశాను.

పోర్ట్‌లు కూడా లెక్కేసుకోండి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పాత పెద్ద యూఎస్‌బీదే, ప్రింటర్ అంతే, లాన్ కేబుల్ పెట్టుకునేవాళ్ళున్నారు, ప్రొజెక్టర్‌కి హెచ్‌డీఎంఐ కావాలి. మరీ సన్నగా ఉన్నవాటికి టైప్-సీ తప్ప ఏమీ ఉండవు, అది బిజినెస్‌లోనూ ఉంది, మామూలువాటిల్లోనూ ఉంది.

ర్యామ్ మార్చుకోగలమా అనేది బిజినెస్ అయితే కచ్చితంగా ఉంటుంది అనుకోకండి. థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ ఎంత ఖరీదైనా ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, కొన్నప్పుడు ఎంతుంటే అంతే. తెలుసుకోవడం తేలిక, బిజినెస్ మోడల్స్‌కి కంపెనీలే విప్పే పద్ధతి మొత్తం బొమ్మలతో పీడీఎఫ్ పెడతాయి, లెనోవో హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ అంటుంది, హెచ్‌పీ మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్ అంటుంది, డెల్ సైట్‌లో సర్వీస్ మాన్యువల్ ఉంటుంది. కొనేముందు దించుకుని మెమరీ అన్న పేజీ చూడండి, స్లాట్ బొమ్మ ఉంటే స్లాట్ ఉన్నట్టు. అదే పీడీఎఫ్ మన ఊరి రిపేర్ షాపు కుర్రాడికి వాట్సాప్ చేస్తే ఎక్కడ ఏ స్క్రూ ఉందో వాడికి తెలుస్తుంది, బలవంతంగా పీకి విరగ్గొట్టే పని ఉండదు.

ఇంతవరకు చదివి బిజినెస్ మోడలే అన్నిట్లో మేలు అనుకోకండి, మామూలు మోడల్ బాగా నెగ్గే చోట్లున్నాయి. స్క్రీన్ మొదటిది. కింది రకం బిజినెస్ ల్యాప్‌టాప్‌లకి చాలా నీరసమైన డిస్‌ప్లే ఇస్తారు, 250 నిట్స్ (వెలుతురు కొలత), 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల కొలత) అని రాసి ఉంటే రంగులు వెలిసిపోయినట్టుంటాయి, ఎక్సెల్‌కి సరిపోతుంది గానీ పెళ్ళి ఆల్బమ్‌లు చేసే ఫోటో స్టూడియోవాళ్ళకి అది పనికిరాదు. కస్టమర్‌కి స్క్రీన్ మీద ఒక రంగు చూపించి ప్రింట్‌లో ఇంకో రంగు వస్తే గొడవే. వాళ్ళు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (ఇదీ రంగుల కొలతే) అని రాసి ఉన్నది, లేదా ఓలెడ్ స్క్రీన్ ఉన్న మామూలు మోడల్ తీసుకోవడం మంచిది. రెండోది గ్రాఫిక్స్. వీడియో ఎడిటింగ్, గేమ్‌లు, త్రీడీ పనులు అంటే విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలి, గేమింగ్ ల్యాప్‌టాప్ ఇచ్చేది అదే డబ్బుకి బిజినెస్‌లో రాదు, బిజినెస్‌లో అలాంటివి కావాలంటే వర్క్‌స్టేషన్ అని హెచ్‌పీ జెడ్‌బుక్, థింక్‌ప్యాడ్ పీ సిరీస్ లాంటివి, ధర చాలా ఎక్కువ. మూడోది ప్రాసెసర్ పేరు చివర అక్షరం. బిజినెస్ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా యూ రకం ఉంటుంది, 15 వాట్ల చుట్టూ నడుస్తుంది, చల్లగా ఉంటుంది, బ్యాటరీ ఆదా. హెచ్ రకం 45 వాట్లది, పెద్ద పనుల్లో దాని ముందు యూ నిలబడదు. స్పీకర్లు కూడా మామూలు వాటిల్లో బావుంటాయి చాలాసార్లు. ఇంట్లో పిల్లల చదువు, అమ్మకి వీడియో కాల్, ఎప్పుడన్నా ఒక ఫారం నింపడం, ఇంత మాత్రానికి కొత్త బిజినెస్ మోడల్ మీద డబ్బు పెట్టడం దండగ, ఆ డబ్బుతో ఇంటికి ఇన్వర్టర్ బ్యాటరీ మార్చుకోండి.

విండోస్ గురించి ఒక్క ముక్క. బిజినెస్ మోడల్స్‌తో విండోస్ ప్రో వస్తుంది ఎక్కువగా. మనకి అందులో పనికొచ్చేవి రెండు, డిస్క్ మొత్తాన్ని తాళం వేసే బిట్‌లాకర్, ఇంట్లోంచి ఆఫీసు కంప్యూటర్‌లోకి వెళ్ళే రిమోట్ డెస్క్‌టాప్. పార్టీల ప్యాన్ కార్డులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు దగ్గర పెట్టుకునేవాళ్ళు బిట్‌లాకర్ వాడి తీరాలి, కానీ దాని రికవరీ కీ ముందే కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి, అది పోతే డేటా మీకు కూడా దొరకదు.

ఇప్పుడు కొనే పద్ధతి. మన ఊళ్ళలో షోరూమ్‌లో అడిగితే బిజినెస్ మోడల్ ఎదురుగా ఉండదు, "అవి మన దగ్గర రావు సార్, ఇది చూడండి ఇంతకన్నా బావుంటుంది" అని వేరేది తీస్తారు. మీరు మోడల్ పేరు కాగితం మీద రాసుకెళ్ళి ఆర్డర్ మీద తెప్పించగలరా, కొటేషన్ ఇస్తారా అని అడగండి, విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల అయినా శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరైనా కంప్యూటర్ షాపుల్లో ఆఫీసులకి, కాలేజీలకి సప్లై చేసేవాడు ఒకడైనా ఉంటాడు, వాడికి డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంట్ ఉంటుంది. రెండు చోట్ల కొటేషన్ తీసుకుంటే ధరలో తేడా మీకే తెలుస్తుంది, బిజినెస్ మోడల్స్‌కి బేరం ఆడటానికి బానే వీలుంటుంది.

జీఎస్టీ ఉన్న వ్యాపారులు బిల్లు మీద తప్పకుండా మీ సంస్థ పేరు, జీఎస్టీ నంబరు వేయించుకోండి. ల్యాప్‌టాప్ మీద 18 శాతం పన్ను, వ్యాపారానికే వాడితే ఆ మొత్తం ఇన్‌పుట్ క్రెడిట్ కింద, మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు, అంటే 59,000 బిల్లులో 9,000 పన్నే. కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్ళకి ఈ క్రెడిట్ రాదు. మా బావ మొదట తన సొంత పేరు మీద బిల్లు వేయించేద్దామనుకున్నాడు, సరిగ్గా టైముకి అడిగాడు కాబట్టి సరిపోయింది. ఈ 9,000 లెక్క చూస్తే మామూలు మోడల్‌కీ బిజినెస్ మోడల్‌కీ మధ్య తేడాలో కొంత అక్కడే తీరిపోతుంది.

బడ్జెట్ తక్కువ ఉన్నవాళ్ళకి ఇంకో దారి ఉంది, సెకండ్ హ్యాండ్ బిజినెస్ ల్యాప్‌టాప్. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి ఒక్కసారే వందల లెక్కన తీసేస్తాయి, అవి రీఫర్బిష్డ్ పేరుతో వస్తాయి. నా రెండో మెషిన్ అలాంటిదే, థింక్‌ప్యాడ్ టీ480, మూడేళ్ళ పైనే అయ్యింది నా దగ్గరికి వచ్చి. దాని మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం ఉంది, ఎందుకంటే లోపల ఒక బ్యాటరీ, వెనక ఊడదీసుకునే బ్యాటరీ ఇంకోటి, మెషిన్ ఆపకుండా వెనకది మార్చేయొచ్చు, టైప్-సీ ద్వారా కూడా చార్జ్ అవుతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక అప్ప వాళ్ళింట్లో రోజుల తరబడి కరెంటు లేదు, అప్పటినుంచి మా ఇంట్లో ఏది కొన్నా కరెంటు లేకపోతే ఎంతసేపు నడుస్తుంది అని అడుగుతాం.

కానీ సెకండ్ హ్యాండ్‌లో మోసపోయే చోట్లు చాలా ఉన్నాయి, డబ్బు ఇవ్వకముందే షాపులో కూర్చుని ఇవి చూడండి. మొదటిది జనరేషన్, అంటే ప్రాసెసర్ ఎన్నో తరానిది అని. "ఐ7 సార్" అని 6వ జనరేషన్‌ది అంటగడతారు. ఐ7-6600యూలో రెండే కోర్‌లు, ఐ5-8350యూలో నాలుగు, అంటే 8వ జనరేషన్ ఐ5 ముందు ఆ ఐ7 తేలిపోతుంది. పైగా విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, ఇంటెల్‌లో విండోస్ 11ని మైక్రోసాఫ్ట్ సరిగ్గా ఒప్పుకునేది 8వ జనరేషన్ నుంచి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. గుర్తులు చెప్తా: హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840లో జీ3 అంటే 6వ జనరేషన్, జీ4 అంటే 7, జీ5 నుంచి తీసుకోవచ్చు. డెల్‌లో 7480 అంటే 7 దాకానే, 7490లో 8వ జనరేషన్ వస్తుంది. జీ5లోనూ 7490లోనూ టీ480లోనూ 7వ జనరేషన్ ప్రాసెసర్‌తో కూడా కొన్ని వచ్చాయి కాబట్టి స్టిక్కర్ కాదు, సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి పేరు చదవండి.

రెండోది తాళాలు, ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఆన్ చేయగానే బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల్లోకి వెళ్ళండి, డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, థింక్‌ప్యాడ్‌కి ఎఫ్1. పాస్‌వర్డ్ అడిగితే కొనకండి, "తర్వాత తీసిస్తాం" అన్నా వద్దు. తర్వాత, షాపువాడినే విండోస్ మొత్తం రీసెట్ చేయమని చెప్పి మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. సెటప్ మధ్యలో ఏదో కంపెనీ పేరు వచ్చి ఆ కంపెనీ మెయిల్‌తో లాగిన్ అవ్వమంటే, అది ఇంకా పాత యజమాని జాబితాలోంచి తీయలేదన్నమాట, ఇప్పుడు ఎలాగోలా దాటించినా మళ్ళీ రీసెట్ చేసిన రోజు అదే వస్తుంది. రీసెట్‌కి గంట పడుతుంది, ఆ గంట కూర్చోండి. కూర్చోనివ్వని షాపులో కొనొద్దు.

మూడోది బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ (powercfg) అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఒక ఖాళీ ఇచ్చి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ (batteryreport) అని కలిపి కొడితే ఒక ఫైల్ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు ఉంటాయి, రెండోది మొదటిదాంట్లో ఎంత శాతమో లెక్కేయండి, 70 కన్నా తక్కువుంటే బ్యాటరీ ఖరీదు ధరలో తగ్గించమని అడగండి. డెల్ అయితే చార్జర్ కూడా చూడాలి, లోపల గుర్తింపు చిప్ ఉంటుంది, నకిలీది పెడితే అడాప్టర్ ఏదో తెలియడం లేదని మెసేజ్ వస్తుంది, బ్యాటరీ ఎక్కదు, మెషిన్ కూడా నెమ్మదిస్తుంది. చాలామంది అది మదర్‌బోర్డ్ పోయిందనుకుని రిపేర్‌కి తీసుకెళ్తారు. చివరిగా వెనక ఉన్న సీరియల్ నంబరు, డెల్‌కి అయితే ఏడక్షరాల సర్వీస్ ట్యాగ్, కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి, వారంటీ ఏమన్నా మిగిలి ఉందా, ఆ నంబరుకి చూపించే మోడల్, మీ ఎదురుగా ఉన్న మోడల్ ఒకటేనా అని.

మేనల్లుడి సంగతికి వస్తే, వాడిని అడిగాను ఏం చేస్తావురా అని. "కోడింగ్ మావయ్యా, ఆండ్రాయిడ్ యాప్‌లు, కొంచెం గేమ్‌లు కూడా" అన్నాడు. హాస్టల్‌లో ఉంటాడు, బ్యాగ్‌లో పెట్టుకుని రోజూ క్లాసుకి తీసుకెళ్తాడు. గేమ్‌లు అన్నాడు కదా అని గేమింగ్ ల్యాప్‌టాప్ కొంటే రెండున్నర కిలోలు, దానిపైన చార్జరే అరకిలో, బ్యాటరీ రెండు క్లాసులు రాదు. ఆండ్రాయిడ్ స్టూడియోకి 16 జీబీ ర్యామ్ కావాలి, అది మాత్రం రాజీ పడొద్దన్నాను. చివరికి వాడికి మామూలు మోడలే, 14 అంగుళాలది, కాస్త మంచి గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ ప్రాసెసర్, 16 జీబీ, మిగిలిన డబ్బుతో మూడేళ్ళకి ఆన్‌సైట్ వారంటీ పెంచి, యాక్సిడెంటల్ కూడా కలిపి తీసుకున్నాం. వాడికి పాడైతే లైబ్రరీలో సిస్టమ్‌లున్నాయి, ఫ్రెండ్స్ ఉన్నారు, పది రోజులు ఎలాగోలా గడుస్తుంది. అదే మెకానికల్‌లోనో సివిల్‌లోనో చేరుంటే త్రీడీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ కోసం గ్రాఫిక్స్ కార్డు ఉన్నదే చూడమనేవాణ్ణి.

బావకి ఆ పది రోజులు లేవు, సీజన్‌లో రోజుకి ఎన్ని లారీల సరుకు, ఎవరికి ఎంత బాకీ, అన్నీ అందులోనే. ఆయనకి థింక్‌ప్యాడ్ ఎల్ సిరీస్, 16 అంగుళాలు, నంబర్ ప్యాడ్ ఉన్నది, ర్యామ్ స్లాట్ ఉందని మాన్యువల్‌లో చూసి మరీ, మూడేళ్ళ ఆన్‌సైట్. పలాస పిన్ కోడ్‌కి సర్వీస్ ఉందని డీలర్ చేత కొటేషన్ మీద రాయించాం.

ల్యాప్‌టాప్ వచ్చిన రోజు నేను పలాస వెళ్ళాను. మొదట సీరియల్ నంబర్ కొట్టి వారంటీ తేదీ చూశాను, బిల్లు తేదీ కన్నా నెల ముందునుంచే లెక్క మొదలైపోయి ఉంది, ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిన తేదీ పట్టుకుంటారు కొన్నిసార్లు. బిల్లు ఫోటో పంపి సరిచేయమని రిక్వెస్ట్ పెట్టాం, సరిచేశారు, మీరు కూడా మొదటి వారంలోనే ఇది చూసుకోండి. తర్వాత బ్యాటరీ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టాను, ఎప్పుడూ చార్జర్‌కి తగిలించి ఉంచేవాళ్ళకి బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది, లెనోవోకి వాంటేజ్ యాప్‌లో ఉంటుంది, డెల్‌కీ హెచ్‌పీకీ బయోస్‌లో కూడా దొరుకుతుంది. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రం ఆ పరిమితి తీసేసి నూరు శాతం ఎక్కించుకోమని, ఉరుములు మొదలైతే చార్జరూ లాన్ వైరూ రెండూ పీకేయమని బావకి చెప్పాను. ట్యాలీ బ్యాకప్ రోజూ రాత్రి పెన్ డ్రైవ్‌లోకి వెళ్ళేలా చేసి, ఆ పెన్ డ్రైవ్ ఇంట్లో ఉండాలి, ల్యాప్‌టాప్ షాపులో ఉండాలి అని చెప్పాను. అప్ప గోడ మీద క్యాలెండర్ పక్కన కాగితం అంటించి సీరియల్ నంబరు, కస్టమర్ కేర్ నంబరు, వారంటీ అయిపోయే తేదీ తనే పెద్దక్షరాలతో రాసింది.